అమ్మ బాగుండాది

2 జూన్, సోమవారం

హ్యావ్ బీన్ అంట, హ్యాజ్ బీన్ అంట. నా తలకాయ్. అయిదు నెలల నుంచి మధ్యాన్నం సద్దిగిన్నె కడుక్కోగానే పోయి సార్ ముందర కూర్చుంటాండా. మిగతావన్నీ ఎక్కినాయి గానీ ఈ రెండు టెన్సులు మాత్రం బుర్రకెక్కవు. ముప్పై రెండేండ్లదాన్ని, బడి పిల్ల మాదిరి నోట్‌బుక్ పట్టుకుని తిరుగుతాండా. ముందర పేజీల్లో సార్ చెప్పే ఇంగ్లీషు, ఎనకనుంచి ఇది. ఇది ఎవరూ చదివేది కాదు గాబట్టి ఎర్ర ఇంకు పడే భయం లేదు.

జులై ముప్పైయొకటికి విజయభాస్కర్ సార్ రిటైరు. సంస్థ చదివించే పిల్లలు రాసే జాబులన్నీ ఇంగ్లీషు చేసి ఐర్లాండులో ఉండే దాతలకు పంపే కుర్చీ ఆయనది, ముప్పై ఏండ్లుగా. ఆ కుర్చీలో నన్నే కూర్చోబెట్టాలని ఆయన పట్టు. "మల్లీశ్వరి మన జాబుల పిల్లే. చిన్నప్పుడు మన సంస్థ చదివించిన పిల్ల. దానికంటే బాగా ఎవరు రాస్తారు?" అని మేనేజరుతో అన్నాడంట. రికార్డు రూము చూసుకునే ఐజాక్ అన్న చెప్పినాడు. వినంగానే నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నన్ను గురించి అంత మంచిమాట ఇంకెవరన్నా అన్నారా? గుర్తు లేదు.

ఆ కుర్చీ నాకు కావాల. సంస్థ పని మీద ఊర్లు తిరిగి తిరిగి నా కాళ్ళు పోయినాయి.

4 జూన్

ఈ పొద్దు సార్ బోరు కథ చెప్పి ఎక్కించినాడు. ఎంత తెలివైనాయనో!

"పాపా, మీ ఊరి రంగన్న ఏడు బోర్లు ఏసినాడు కదా. హి హ్యాజ్ డ్రిల్డ్ సెవెన్ బోర్స్. ఎన్ని అని చెప్పాలంటే ఇది. పని అయిపోయింది, ఏడు గుంతలూ కండ్ల ముందర కనపడతాండాయి. అదే పదేండ్ల నుంచి ఏస్తానే ఉండాడు అనాలంటే? హి హ్యాజ్ బీన్ డ్రిల్లింగ్ బోర్స్ ఫర్ టెన్ ఇయర్స్. ఎంత కాలంగా అని చెప్పేది ఇది. అప్పుడు మొదలయింది, ఇప్పటికీ నడుస్తానే ఉండాది. నీళ్ళు పడినాయా లేదా అది చెప్పదు, వాడు పడిన పాట్లు చెబుతాది."

"మనకు ఏసినాడు, ఏస్తాండాడు అంటే అయిపాయ కదా సార్" అంటి.

"అయిపాయ. అందుకే నీకు ఈ తిప్పలు" అని నవ్వినాడు.

ఇంకొకటి చెప్పినాడు, రాసి పెట్టుకోవాల. తేదీ చెప్పినామంటే హ్యాజ్ రాదు. ఫలానా రోజు అన్నామంటే ఆ పని ఆ రోజుతో ముగిసినట్ల, గేటు మూసేసినట్ల.

9 జూన్

పాత జాబులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలంట. స్కానింగు మిషను ఇచ్చినారు, నన్ను కూర్చోబెట్టినారు. రికార్డు రూములో దుమ్ముకు తుమ్మి తుమ్మి ముక్కు ఊడిపోతాదేమో. ఒక్కో పిల్లకు ఒక్కో ఫైలు. ఏడాదికొక జాబు. పిల్ల తెలుగులో రాసిన కాగితం, దాని మీద రెండు కొండలూ సూర్యుడూ. దాని కింద సార్ టైపు చేసిన ఇంగ్లీషు నకలు. నకలు అడుగున అమ్మదో నాయనదో ఏలిముద్ర. ఇంగ్లీషులో ఏం రాసినామో ఇంటోళ్ళకు తెలుగులో చదివి వినిపించి ఏలిముద్ర ఏయించుకోనిదే జాబు కదిలేది లేదు. సంస్థ మొదటి రూలు అది.

రెండో రూలు, జాబులో ఏమీ అడక్కూడదు. బట్టలు గానీ, బర్రె గానీ. "మంచి మాటలే రాయండి పిల్లోళ్ళారా" అని నేను గూడా ఊరూరా చెబుతానే ఉండా.

ఇప్పుడు ఏలిముద్రలు ఏయించేది నేనే. ఇంకు డబ్బీ నా సంచిలోనే ఉంటాది. మా ఆడోళ్ళకు గుడ్డ ఇచ్చినా తీసుకోరు. ఏలిముద్ర ఏసి ఆ ఏలు పోయి తలకు రుద్దుకుంటారు. నూనె తలకు ఇంకు బిరీన పోతాదంట.

16 జూన్

నాలుగు నూర్ల పదిహేడో నంబరు. నా ఫైలు.

పక్కన పెట్టినా. నన్ను చదివించిన ఆ దాత మొగం మళ్ళా చూడాలని లేదు.

17 జూన్

పొద్దున్నే లేచి రాస్తాండా. రాస్తే గానీ పనికి పోలేనట్లుండాది.

అయిదో క్లాసులో ఉంటి. అమ్మకు కడుపులో గడ్డ. బెంగళూరులో ఆపరేషన్ చేస్తే బాగవుతాదని డాక్టరు చెప్పినాడంట. ఆ మాట విని నేను మార్గరెట్ అమ్మకు జాబు రాస్తి. ఆమెనే నా దాత. రూలు తెలుసు, అయినా రాస్తి. మార్గరెట్ అమ్మ ఫోటో మా గోడ మీద దేవుని పటాల పక్కనే ఉండె. నీలం కండ్లు, తెల్ల వెంట్రుకలు. అమ్మ దానికి కూడా కుంకం పెట్టేది.

సార్ ఆ జాబు తీసుకున్నాడు. నా తల నిమిరినాడు. "బాగా రాసినావు పాపా" అన్నాడు.

జనవరిలో అమ్మ పోయింది. పన్నెండు దినాలు కాకముందే పార్శిలు వచ్చింది. ఏముండాది అందులో? బొమ్మ. పసుప్పచ్చ జుట్టు బొమ్మ. నేను బొమ్మ పంపొద్దని రాసినా, అక్షరం అక్షరం గుర్తుండాది నాకు, వద్దంటే అదే పంపించింది. ఎంత రాయి గుండె! గోడ మీది ఫోటో పీకి, బొమ్మనూ దాన్నీ పోయి ఎండుబావిలో పారేస్తి. నాయన చూస్తానే ఉండె.

ఆ పొద్దు నుంచి ఈ పొద్దుటికి ఇరవైయొక్క ఏండ్లు ఆమెను తిట్టుకుంటానే ఉండా. హ్యావ్ బీన్ అంటే ఇదేనేమో.

18 జూన్

చదివినా.

19 జూన్

ఫైలు మారింటాది. పాత కాగితాలు, ఎవరిదో ఎవరిదాంట్లో పడింటాది. సార్ అట్లాంటోడు కాదు.

20 జూన్

ఫైలు మారలేదు. పైన నా అక్షరాలే. 2003 ఆగస్టు. గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసినవి. ఇట్ల ఉండాది:

"మార్గరెట్ అమ్మకు నమస్కారం. మా అమ్మకు కడుపులో గడ్డ ఉంది. బెంగళూరులో ఆపరేషన్ చేస్తే బాగవుతుంది. మీరు నాకు బొమ్మ పంపవద్దు. బట్టలు పంపవద్దు. ఎప్పుడూ ఏమీ పంపవద్దు. మా అమ్మను బాగు చేయించండి. వానలు లేవు. నేను బాగా చదువుతాను."

కింద సార్ టైపు చేసింది. ఇన్నాళ్ళూ ఆ కాగితం నా ఎదుట పెట్టినా నేను చదవగలిగేదాన్ని కాదు. ఇప్పుడు చదవగలను, ఎవరు నేర్పించినారు? ఆయనే.

మై మదర్ హ్యాజ్ బీన్ కీపింగ్ వెల్. మా అమ్మ బాగుండాది. వి హ్యావ్ హ్యాడ్ గుడ్ రెయిన్స్. వానలు బాగా పడినాయి. 2003లో మడకశిర కడ వానలు! గొర్రెలకు తాగేదానికి నీళ్ళు లేక నాయన కర్ణాటకలోకి తోలుకుపోయిన ఏడు అది. తర్వాత, ఐ హ్యావ్ బీన్ వాంటింగ్ ఎ డాల్. బొమ్మ కావాలని శానా నాళ్ళ నుంచి అనుకుంటాండా.

వాంట్‌కు ఇంగ్ తగిలించకూడదని పోయిన వారం నా నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో కొట్టినాడే, ఆయన రాసిందే ఇది.

అడుగున అమ్మ ఏలిముద్ర. రామాంజినమ్మ, తల్లి. అమ్మకు ఏం చదివి వినిపించినాడో! నేను రాసిందే వినిపించి, ఇది పంపించింటాడు. తెలీనోళ్ళను మోసం చేసేదానికి ఎంతసేపు?

లేదు. ఇంకొక జాబు విడిగా రాసింటాడు. అసలు సంగతి అందులో చెప్పింటాడు. సార్ అట్లాంటోడు కాదు.

23 జూన్

సార్ తోటలో కాసిన మామిడిపండు ఇచ్చినాడు. తిన్నా. పది వాక్యాలు రాసిస్తే పదీ కరెక్టు. "ఇంక నీకు ఢోకా లేదు పాపా" అన్నాడు. ఆయన మొగంలోకి చూసినా, ఏమన్నా కనపడతాదేమోనని. రోజూ ఉండే మొగమే.

26 జూన్

విడి జాబు కోసం ఫైలంతా ఎతికినా. లేదు. ఎతకకపోయినా బాగుండె.

2004. పైన కోపంతో నేను రాసిన రెండు ముక్కలు, నమస్కారం, చదువుతాండా, అంతే. కింద, మై మదర్ హ్యాజ్ బీన్ కీపింగ్ వెల్.

2005. అదే.

2006లో కొంచెం మార్చినాడు, అమ్మ నాకు సంగటి చేయడం నేర్పిస్తాండాదంట. 2007. 2008. 2011లో నా ఇంటరు అయిపోయి పేరు తీసేసేంత వరకు ఎనిమిది జాబులు. ఎనిమిదింట్లోనూ మా అమ్మ బతికే ఉండాది. బాగుండాది.

మార్గరెట్ జాబులు కూడా ఉండాయి. ప్రతి దాంట్లో చివర, మీ అమ్మ ఎట్లుండాది, ఆమెను అడిగినానని చెప్పు, అని. సార్ అవి నాకు చదివి చెప్పేటప్పుడు ఒక్కసారన్నా ఆ వాక్యం చదవలేదు. వాళ్ళ ఊర్లో మంచు పడిందని చెప్పేవాడు. పిల్లికి జబ్బు చేసిందని చెప్పేవాడు. ఆ పిల్లి జబ్బు నాకు ఇప్పటికీ గుర్తుండాది!

ఆమెకు తెలీదు. ఏమీ తెలీదు ఆమెకు. ఉత్తపుణ్యానికి ఇరవైయొక్క ఏండ్లు తిట్టినా.

27 జూన్

పనికి పోలేదు.

28 జూన్

పోలేదు. జరమని చెప్పినా. ఐజాక్ అన్న ఫోను చేసి, "ఏమ్మా, సార్ రెండుసార్లు అడిగినాడు నిన్ను" అన్నాడు. అడగనీ.

7 జులై, సోమవారం

అడిగేసినా.

మధ్యాన్నం, మామూలుగా కూర్చునే చోటే. హోంవర్కు అని నోట్‌బుక్ ఇవ్వకుండా ఆ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టినా. సార్ ఎర్ర పెన్ను మూత కూడా తీసినాడు. చదివినాక మూత పెట్టేసినాడు.

"ఇది ఇంకా ఉండాదా" అన్నాడు. మొదటి మాట అది. ఆ మాటకే నా ఒళ్ళు మండింది.

"ఎందుకు చేసినారు సార్?"

"నీ జాబుకు ముందటేడు ఒక పిల్లోడు ఎద్దు కావాలని జాబులో రాసినాడు. నేను తెలివిలేకుండా ఉన్నదున్నట్ల పంపిస్తి. పై ఆఫీసులో పట్టుకున్నారు. వాని పేరు లిస్టులోంచి తీసేసినారు, హాస్టలు పోయింది. వాడిప్పుడు రాళ్ళు కొట్టుకుంటాండాడు, పోయి చూడు కావాలంటే. నీ జాబు చూసి నాకు చేతులాడలేదు పాపా."

"బొమ్మ వద్దని రాస్తే బొమ్మ కావాలని రాసినారే?"

"కాగితం నిండాల కదా. నీ జాబులో పనికొచ్చే మాట ఏముండాదని చూస్తి. బొమ్మ అనే మాట ఉండె."

అంతే. కాగితం నిండాల. మా అమ్మ ప్రాణం పోతాంటే ఆయనకు కాగితం నిండాల. నేను లేచి నిలబడినా. ఆయన ఎదుట నేను ఎప్పుడూ గొంతు లేపిందాన్ని కాదు.

"మా అమ్మకు ఏమని చదివి వినిపించినారు?"

"రాసింది రాసినట్లే" అన్నాడు. "మీ అమ్మ ఈ ఆఫీసుకే వచ్చింది. నువ్వు రాసిందీ చెప్పినా, పంపితే ఏమైతాదో అదీ చెప్పినా. గోడకానుకుని శానాసేపు కూర్చుంది. తర్వాత, 'నా పాపను బడి మానిపించొద్దు సార్. నేను బాగుండానని రాయి' అనింది. ఏలిముద్ర ఏసింది."

"అబద్ధం."

"సత్యంగా పాపా."

"చచ్చిపోయినోళ్ళ పేరుతో మాటలు రాసేది మీకు అలవాటే కదా సార్. ఎనిమిదేండ్లు రాసినారు. ఇంకొకటి రాసేదెంతసేపు?"

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముందు జాబులో బాగుండాదని రాసి, మళ్ళా జాబులో చనిపోయిందంటే, ఏమైంది, మాకెందుకు చెప్పలేదు అంటారు. వచ్చే ఏడు రాద్దాంలే అనుకుంటి. వచ్చే ఏడుకు ఇంకా కష్టమాయ" అన్నాడు.

ఆయనకు కష్టమాయనంట!

కాగితాలు తీసుకుని బయటికొచ్చినా. గిన్నె ఆడనే మర్చిపోయినా.

8 జులై

అమ్మ అట్ల అనదు. నాకు తెలీదా మా అమ్మ? నన్ను ఒంటరిదాన్ని చేసి పోయేదానికి ఒప్పుకుంటాదా? నా ముందర ఒక్క మాట అనకుండా? సార్ కట్టిన కథ ఇది. సచ్చినోళ్ళు వచ్చి కాదనలేరని ధైర్యం.

10 జులై

ఐజాక్ అన్న గిన్నె తెచ్చిచ్చినాడు. కడిగి ఉండాది. సార్ కడిగినాడంట.

13 జులై, ఆదివారం

పొద్దున దొడ్లో నాయన గొర్రెపిల్లకు మందు పోస్తాంటే అడిగినా.

"నాయనా, అమ్మ జబ్బు సంగతి నేను జాబులో రాసింటి కదా. అది పోలేదంట. బాగుండానని రాయమని అమ్మనే చెప్పిందంటాండాడు సార్. నిజమేనా?"

నాయన గొర్రెపిల్లను వదల్లేదు. మందు మొత్తం పోసి, మూతి తుడిచి, తల్లి కాడికి తోలినాడు. అప్పుడు అన్నాడు, "నీకు చెప్పొద్దనింది."

ఆడనే పెంటిక మీదనే కూర్చుంటి.

"నీకూ తెలుసా నాయనా?"

"నేను వద్దంటి. గొర్రెలన్నీ అమ్మేస్తాం, పోదాం బెంగళూరుకంటి. ఆ కరువులో ఎవరు కొంటారు వాటిని? 'మనకు ఉండేది ఒక్క దారే, అది పాప చదువు' అని నా నోరు మూయించింది."

అమ్మకు తెలుసు. నాయనకు తెలుసు. సార్‌కు తెలుసు. జాబు రాసింది నేను. నాకు తప్ప అందరికీ తెలుసు. పదేండ్ల పిల్ల రోజూ బడి ఇడవంగానే రోడ్డు కాడికి పోయి పోస్టుమ్యాను కోసం నిలబడుకుంటాంటే ముగ్గురూ చూస్తా ఉండినారు.

"అమ్మ పోయినాక కూడా జాబుల్లో బాగుండాదని రాసినాడు నాయనా. ఎనిమిదేండ్లు. అడుగున నీ ఏలిముద్రలుండాయి. నీకు చదివి వినిపించలేదా?"

"వినిపించినాడు."

"మరి ఎట్లేసినావు ఏలిముద్ర?"

నాయన మందు సీసాకు మూత బిగించినాడు. "మీ అమ్మ బాగుండాదని ఏడాదికొక తూరి ఎవురో చదువుతాంటే, వినేదానికి బాగుండె పాపా" అన్నాడు.

14 జులై

నాయనతో మాట్లాడలేదు.

15 జులై

మాట్లాడలేదు. సంగటి చేసి ముందర పెట్టినా. తిన్నాడు.

19 జులై

ఒకటి గుర్తొస్తాండాది. రాకూడదని ఎంత తోసినా వస్తాండాది.

ఒక సాయంత్రం అమ్మ మడకశిరలో సంస్థ ఆఫీసు నుంచి నడిచొచ్చింది. బస్సుకు రాలేదెందుకో. కడుపు పట్టుకుని మెల్లగా వస్తాండె. నేను ఉరికెత్తి పోతి. "సార్ నా జాబు పంపినాడా?" అంటి. "పంపినాడు. బాగా రాసినాడు" అనింది. అంటానే ఎడంచేయి తలమీద పెట్టి రుద్దుకుంటా ఉండె. బొటనేలు నల్లగా ఉండె. ఆ ఏలే నా బుగ్గకు తగిలి నల్లమచ్చ అయ్యింది, అమ్మ నవ్వుతా కొంగుతో తుడిచింది.

నన్ను చూస్తా నవ్వింది. ఆ జాబుకు ఏలిముద్ర ఏసొచ్చి నా మొగం చూస్తా నవ్వింది. ఎట్ల నవ్వినావమ్మా?

నన్నడిగింటే నేను బడి మానేసేదాన్ని. పొలాలెంట పోయి కలుపు తీసేదాన్ని. అందుకే అడగలేదు. తెలుసు నాకు. తెలిసినా నాకు కోపమే. సార్ మీద కంటే నీ మీదనే ఎక్కువ కోపం.

31 జులై

సార్ రిటైరు ఫంక్షను. శాలువా, పూలదండ, పులిహోర. నన్ను ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడమన్నారు, సార్ శిష్యురాలు గదా. నెల కిందట రాసి బట్టీ పెట్టుకున్న మాటలు ఉండాయి. లేచినా. "సార్ హ్యాజ్ బీన్ టీచింగ్ మి" అన్నా. అంతటితో కూర్చుంటి. అందరూ ఏడుపొచ్చిందనుకుని చప్పట్లు కొట్టినారు.

పోయేటప్పుడు సార్ నా కాడికొచ్చి టేబులు తాళం చేతిలో పెట్టినాడు. "క్షమించినావా పాపా" అన్నాడు మెల్లగా.

"లేదు సార్" అంటి.

తల ఊపి పోయినాడు. ముసలోడైపోయినాడు, మెట్లు దిగేదానికి గోడ పట్టుకున్నాడు. పోయి చెయ్యి పట్టుకుందామా అనిపించింది. పోలేదు.

1 ఆగస్టు

కుర్చీ నాదే. ఒక పక్క అరిగిపోయి ఉండాది. కూర్చుంటే సార్ ఎట్ల ఒరిగి కూర్చుండేవాడో అట్ల ఒరగాల్సొస్తాండాది. పొద్దునంతా ఒక్క జాబూ ముట్టలేదు. ఐజాక్ అన్న వచ్చి చూసి పోయినాడు.

4 ఆగస్టు, సోమవారం

కొత్త కుర్చీలో మొదటి జాబు పూర్తి చేసినా. 2003 ఆగస్టుది.

పిల్ల ఏం రాసిందో అదే. గడ్డ అని ఉన్నచోట గడ్డ. బొమ్మ వద్దు అని ఉన్నచోట వద్దు. వానలు లేవు అని ఉన్నచోట లేవు. పిల్ల అడిగింది గాబట్టి నేనూ అడిగినట్లే రాసినా. రూలు తప్పినానని కుర్చీ తీసేస్తే తీసేసుకోనీ. మళ్ళా సంచి తగిలించుకుని ఊర్లు తిరుగుతా.

పిల్ల రాసింది అయిపోయినాక కింద నా మాటగా రెండు వాక్యాలు చేర్చినా. మార్గరెట్ బతికుండాదో లేదో తెలీదు, ఫైల్లో ఉండే అడ్రసే రాసినా. మొదటిది, ఇన్నేండ్లు మిమ్మల్ని అనరాని మాటలు అనుకుంటానే ఉన్నాను, మీ తప్పేమీ లేదు, అని. దీనికి సార్ నేర్పించిన హ్యావ్ బీన్ సరిపోయింది. రెండోదానికే మధ్యాన్నం దాకా పట్టింది. టైపు చేసేది, కొట్టేసేది. చివరికి తేదీ పెట్టినా. మై మదర్ డైడ్ ఆన్ ది నైన్టీన్త్ ఆఫ్ జనవరి, టూ థౌజండ్ అండ్ ఫోర్. తేదీ పెట్టినాక హ్యాజ్ రాదు. అమ్మ ఇన్నేండ్లూ ఆ ఫైల్లో బాగుండింది. ఈ పొద్దు పోయింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చినా, ఐజాక్ అన్న తలుపు దగ్గరికి వేసినాడు.

సాయంత్రం ఇంటికి తెచ్చి నాయనకు తెలుగులో చదివి వినిపించినా. ఇరవై రెండు దినాల తర్వాత నాయనతో మాట్లాడిన మొదటి మాట ఆ జాబే. రూలు రూలే కదా. తేదీ వచ్చినప్పుడు నాయన కండ్లు మూసుకున్నాడు. ఇంకు డబ్బీ ముందర పెడితే చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు.

"దీనికి నేను ఏయను పాపా" అన్నాడు.

బలవంతపెట్టలేదు. ఇంగ్లీషులో సంతకం చేసేదాన్ని, నేనే బొటనేలు అద్ది ఏలిముద్ర ఏసినా, తల్లి అని ఉండేచోట. కవరు అంటించినాక చూస్తే ఏలు నల్లగా ఉండాది. తలకు రుద్దుకున్నా.